మందు పోయడం తేలిక, ఆపడమే కష్టం

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బంగారం కొట్లలో కాటాలు బాగుచేయడం నా వృత్తి. మా అక్క కొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం డాలస్ దగ్గర ఉంటాడు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించాలన్నా చేయి చాచి, మొహం తిప్పుకునేవాడు. అలాంటివాడికి అక్కడ రైఫిల్‌తో దూరపు లక్ష్యాలను కొట్టే ఆట అబ్బింది. ఒక రాత్రి ఫోను చేసి, "మామయ్యా, తూటాల్లోకి మందు తనంతట తానే తూచి పోసే మిషన్ కొందామనుకుంటున్నాను. రెండు మూడు వందల డాలర్లకూ ఉంది, వెయ్యి దాటినదీ ఉంది. రెండూ చేసేది తూకమే కదా, తేడా ఎక్కడుంది?" అని అడిగాడు.

తుపాకి నేను ముట్టి ఎరగను. తూకం మాత్రం తెలుసు. వాడికి చెప్పిన జవాబు ఒక్క ఫోనుతో తేలలేదు. నాలుగైదు ఆదివారాలు పట్టింది. ఆ మాటల్నే ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

ఇదంతా అక్కడి సంగతి అని ముందే చెప్పాలి. సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాళ్లకు అమెరికా ఫెడరల్ చట్టం ప్రత్యేక లైసెన్సు అడగదు. అక్కడ అది చేపల వేటకు గాలం కట్టుకున్నంత మామూలు సరదా. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. మన్యం వైపు నాటు తుపాకిలో మందు దట్టించి అడవిపందిని కొట్టిన తాతల కథలు వినడానికి బాగుంటాయి, అంతే. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ ఏదీ కొనుక్కోనక్కర్లేదు. ఒక చిన్న యంత్రం లోపల తూకం అనే పని ఎంత చిక్కుగా ఉంటుందో చూడటం వరకే మన ప్రయాణం.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, గొట్టంలో మందు, మూతిలో బిగించిన గుండు. పేలిన తర్వాత గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అసలు కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే మళ్లీ తూటా. ఖర్చు కలిసివస్తుందని కొందరు చేస్తారు. మా వాడిలాంటివాళ్లు మాత్రం ప్రతి తూటా ముందుదానిలాగే ఉండాలన్న పట్టుదలతో చేస్తారు. ఆ పట్టుదలంతా వచ్చి ఆగేది మందు తూకం దగ్గరే.

ఇక్కడ మందు అంటే గంధకం, సురేకారం, బొగ్గు కలిపి నూరిన పాత మందు కాదు. 1757లో బొబ్బిలి కోట మీద పేలిన ఫ్రెంచి ఫిరంగుల్లో ఉన్నది ఆ పాతదే. ఇంగ్లీషు పేరును మక్కికి మక్కి తెలుగు చేస్తే దాన్ని నల్లమందు అనాలి, కానీ ఆ మాట మనవాళ్లు అభినికి ఎప్పుడో ఇచ్చేశారు. ఇప్పటి తూటాల్లో వాడేది పొగ రాని మందు. 1884లో పాల్ వియెయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీన్ని సాధించాడు. దీనికి మూలం నైట్రోసెల్యులోజ్. కొన్ని రకాల్లో నైట్రోగ్లిసరిన్ కూడా కలుపుతారు. నీలగిరుల్లో అరవంకాడు దగ్గర ఇంగ్లీషువాళ్లు పెట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ ఈ కుటుంబానికి చెందిన మందు కోసమే పుట్టింది. దీని స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి: చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ ఇది మరింత వేగంగా కాలుతుంది, వేగంగా కాలేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే మందు పది శాతం ఎక్కువైతే తుపాకిలో తూటా కూర్చునే గదిలో ఒత్తిడి పది శాతంతో ఊరుకోదు. ముఖానికి జానెడు దూరంలో పేలే వస్తువు కాబట్టి తూకంలో పొరపాటుకు చోటు తక్కువ.

ఆ తూకాన్ని అక్కడివాళ్లు గ్రాముల్లో చెప్పరు, గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ 64.79891 మిల్లీగ్రాములు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మా వాడు ఈ మాట అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ గ్రెయిన్ మన బంగారం కొట్లకు కొత్త చుట్టమేమీ కాదు. 1833లో ఇంగ్లీషువాళ్లు తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. 180ని 64.8 మిల్లీగ్రాములతో హెచ్చవేసి చూడండి, 11.66 గ్రాములు వస్తుంది. మన నాయనమ్మల నగల తులం అదే. (ఇప్పుడు చాలా కొట్లలో పది గ్రాములనే తులం అంటున్నారు, అది వేరే గొడవ.) తులానికి 96 గురిగింజల లెక్కన గురిగింజ ఒకటి రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. తూటా మందు తూచే యంత్రాలన్నీ గొప్పగా చెప్పుకునే కొలత గ్రెయిన్‌లో పదో వంతు. అంటే గురిగింజను పంతొమ్మిది ముక్కలు చేసి అందులో ఒక ముక్క పట్టుకోవడం అన్నమాట.

అయితే పదో వంతు తేడా అన్ని తూటాలకూ ఒకే బరువు కాదు. చిన్న పిస్తోలు తూటాలో మందు అయిదు గ్రెయిన్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో 0.1 అంటే రెండు శాతం. పెద్ద రైఫిల్ తూటాలో నలభైకి పైగా పడుతుంది. అక్కడ అదే 0.1 అంటే పావు శాతం. యంత్రం మీద "తేడా 0.1 లోపే" అని రాసి ఉంటే, ఎంతలో అన్న ప్రశ్న వెయ్యకుండా ఆ అంకెకు అర్థం లేదు. వంద గజాల దూరంలో బల్ల మీద రైఫిల్ ఆనించి సరదాగా కొట్టేవాడికి రైఫిల్ తూటాలో ఈ తేడా కంటికి కనిపించదు. వెయ్యి గజాల పోటీకి వెళ్లేవాడికి గుండు వేగంలో సెకనుకు కొద్ది అడుగుల తేడా కూడా లక్ష్యం దగ్గర అంగుళాలై కూర్చుంటుంది. మా వాడు ఏ దూరం కొడతాడో అడిగితే "ఇప్పటికి మూడు వందల గజాలు" అన్నాడు. సగం జవాబు అక్కడే దొరికింది.

ఎలక్ట్రానిక్ యంత్రాలు రాకముందు, ఇప్పుడు కూడా చాలామంది, మందును బరువుతో కాక పరిమాణంతో కొలుస్తారు. మన కుంచం, మానిక, సోల, తవ్వ, గిద్దల పద్ధతి. పిడి తిప్పితే ఒక చిన్న గుంత నిండుతుంది, మళ్లీ తిప్పితే అది గొట్టంలోకి ఒలుకుతుంది. కుంచంతో ధాన్యం కొలిచిన వాళ్లకు ఇందులో మర్మం చెప్పనక్కర్లేదు. కుదించి కొలిస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఒక లెక్క, కొలిచే చెయ్యి ఎవరిదన్నది మరో లెక్క. ఆవగింజల్లా గుండ్రంగా ఉండే మందు కుంచానికి బాగా లొంగుతుంది. సేమియా తుంపుల్లా పొడుగ్గా ఉండే మందు అడ్డదిడ్డంగా ఇరుక్కుంటుంది, పిడి తిప్పినప్పుడు అంచుకు తగిలి కటుక్కున తెగుతుంది, కొలత మారుతుంది. దూరపు లక్ష్యాలకు ఎక్కువమంది ఇష్టపడేది ఈ పొడుగు రకాన్నే. అందుకే బరువు తూచే యంత్రం కావాల్సి వచ్చింది.

యంత్రం పైకి చూడటానికి చాలా సాదా వస్తువు. పైన మందు పోసే డబ్బా ఉంటుంది. దాని నుంచి బయటకు వచ్చే ఒక గొట్టం, దాని లోపల మరచుట్టు. మోటారు గొట్టాన్ని తిప్పితే మందు మరచుట్టు వెంట జరిగి కొస నుంచి కింద ఉన్న చిన్న పళ్లెంలోకి రాలుతుంది. పళ్లెం ఒక కాటా మీద కూర్చుని ఉంటుంది. కాటా చెప్పే అంకెను చూస్తూ మోటారును నడిపే చిన్న కంప్యూటర్ ఒకటి. కావలసిన తూకం నొక్కితే గబగబా పోసి, దగ్గరికి రాగానే నెమ్మదించి, చివర్లో ఒక్కొక్క గింజనే రాల్చి ఆగుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో రైసు మిల్లుకు వెళ్లినవాళ్లు ఇదే యంత్రాన్ని ఏనుగు సైజులో చూసి ఉంటారు. బస్తా నింపే చోట పెద్ద ద్వారం తెరుచుకుని బియ్యం దబదబా పడతాయి. తూకం దగ్గరకొచ్చేసరికి పెద్దది మూసుకుని చిన్న ధార మొదలవుతుంది. ఆ చిన్న ధారను కూడా తూకం సరిపోయాక ఆపితే ఆలస్యమైపోయినట్టే, ఎందుకంటే ద్వారానికీ బస్తాకూ మధ్య గాలిలో ఉన్న బియ్యం ఇంకా పడాల్సి ఉంది. అందుకని యంత్రం ఆ గాలిలోని బియ్యాన్ని ముందే లెక్కేసుకుని కాస్త తక్కువ దగ్గరే మూసేస్తుంది. (2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్లకు జీఎస్టీ వచ్చాక మన మిల్లుల్లో 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చాయి. కాటా వాళ్లకు కొన్నాళ్లు చేతినిండా పని.) బస్తాలో గుప్పెడు అటూ ఇటూ అయితే ఎవరూ అడగరు. మందు యంత్రానికి ఆ వెసులుబాటు లేదు, సమస్య మాత్రం అదే. పోయడం తెలియని యంత్రం లేదు. ఎప్పుడు ఆపాలో ఎంత బాగా తెలుసన్నదే యంత్రానికీ యంత్రానికీ తేడా.

ఆపడాన్ని చెడగొట్టేవి రెండు. మొదటిది కాటా ఆలోచించుకునే సమయం. పళ్లెంలో గింజ పడగానే అంకె మారదు. కదలిక తగ్గి, లోపలి లెక్క స్థిరపడి, తెర మీదకు వచ్చేసరికి క్షణమో రెండు క్షణాలో పడుతుంది. ఈలోగా మోటారు తిరుగుతూనే ఉంటుంది. తక్కువ ధర యంత్రాల్లో వేగం పెంచితే తూకం దాటిపోవడానికి కారణం ఇదే. రెండోది గింజలు గుంపుగా రావడం. పొడుగు రకం మందు గొట్టం కొసన చిక్కుపడి, ఒక్కసారిగా గుత్తిలా జారుతుంది. 39.9 దగ్గర ఉన్న అంకె ఒక్క గంతులో 40.3 చూపిస్తుంది. అమెరికాలో దీనికి జనం కనిపెట్టిన వైద్యం నాకు భలే నచ్చింది. హోటల్లో కూల్‌డ్రింకుతో ఇచ్చే స్ట్రాను చిన్న ముక్క కోసి గొట్టం కొసలో లోపలికి దూర్చుతారు. మూతి సన్నబడి, గుత్తి అక్కడే విడిపోయి, గింజలు వరుసలో నిలబడి పడతాయి. వందల డాలర్ల వస్తువుకు రూపాయి చెయ్యని పుల్లతో మరమ్మతు. మన మెకానిక్కుల సంతానం అక్కడా ఉన్నారన్నమాట.

ఇక మా వాడి అసలు ప్రశ్నకు వస్తాను. రెండు మూడు వందల డాలర్ల యంత్రానికీ వెయ్యి దాటిన యంత్రానికీ తేడా పైన ఉన్న గొట్టంలో కాదు, కింద ఉన్న కాటాలో.

చవక రకంలో ఉండేది లోడ్ సెల్. కిరాణా కొట్టు కాటాలోనూ అదే ఉంటుంది. అల్యూమినియం దిమ్మ ఒకటి, దాని మీద అతికించిన సన్నటి లోహపు తీగ. బరువు పడితే దిమ్మ కంటికి తెలియనంతగా వంగుతుంది, తీగ సాగుతుంది, సాగిన తీగలో విద్యుత్తుకు అడ్డు కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదలనే అంకెగా మారుస్తారు. లోహపు తీగ సాగితే దాని నిరోధం మారుతుందని 1856లోనే విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, చూపించాడు. చౌక, గట్టి వస్తువు. కానీ ఎండ వేడికీ ఏసీ చల్లదనానికీ దిమ్మ, తీగ రెండూ స్పందిస్తాయి. బరువు అలాగే ఉంచితే దిమ్మ ఇంకా ఇంకా కొంచెం వంగుతూ పోతుంది. పొద్దున సున్నా చూపిన కాటా మధ్యాహ్నానికి ఏ బరువూ లేకుండానే ఏదో ఒక అంకె చూపిస్తుంది. కాటాల వృత్తిలో దీన్ని జారిపోవడం అంటాం.

ఖరీదైన రకంలో వంగేది ఏమీ ఉండదు. అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట. బరువు పళ్లేన్ని కిందికి నొక్కబోతే చుట్టలోకి కరెంటు పంపి పళ్లేన్ని ఉన్నచోటే నిలబెడతారు. నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో అదే బరువు. ప్రయోగశాలల్లో, పెద్ద బంగారం కొట్లలో వాడేది ఇలాంటిదే. తూటాల లోకంలో పేరుపడిన కాటా జపాను కంపెనీ ఏ అండ్ డి వారి ఎఫ్ఎక్స్-120ఐ. 122 గ్రాముల దాకా తూస్తుంది, మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. దాని పక్కన ఆటోట్రిక్లర్ అనే పరికరాన్ని పెట్టి మందు రాల్పిస్తారు. పొడుగు రకం మందులో ఒక్క గింజ సుమారు 0.02 గ్రెయిన్ తూగుతుంది. ఈ కాటా ఆ ఒక్క గింజను పట్టుకుంటుంది, అదీ ఠక్కున. ఖరీదు కాటాలో డబ్బు పెట్టేది ముఖ్యంగా ఈ వేగానికే అని నా అభిప్రాయం. అంకె త్వరగా నిలబడితే గొట్టం ఆపడం తేలికవుతుంది. ఈ రెంటికీ నడుమ అమెరికా కంపెనీ ఆర్‌సీబీఎస్ వారి మ్యాచ్‌మాస్టర్ లాంటి యంత్రాలు ఉన్నాయి. మామూలు పద్ధతిలో 0.1, నిదానపు పద్ధతిలో 0.04 గ్రెయిన్ తేడాలో ఆపుతామని వాళ్ల మాట.

ఈ మాటలు నడుస్తున్నప్పుడే మా వాడు ఒక గమ్మత్తు చేశాడు. కిందటిసారి వచ్చినప్పుడు ఇక్కడి నుంచి నగలు తూచే చిన్న కాటా పట్టుకెళ్లాడు. నేనే చూసి, సరిచేసి ఇచ్చాను. అక్కడ 50 గ్రాముల తూనికరాయి పెడితే 50.05 చూపించిందట. "మామయ్యా, మీ చేతి పని కాస్త జారినట్టుంది" అని ఎగతాళి. కాటా జారలేదు, భూమి జారింది. భూమి లాగే బలం భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఎక్కువ. విజయనగరం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, డాలస్ 33 డిగ్రీలకు కాస్త ఇవతల. రెండు చోట్లా ఆ బలంలో తేడా సుమారు 0.1 శాతం. 50 గ్రాముల్లో అది సరిగ్గా 0.05. ఎలక్ట్రానిక్ కాటాకు తెలిసేది ఎంత బలంతో కిందికి లాగుతోందన్నదే. అసలు పదార్థం ఎంత ఉందో దానికి తెలియదు. రెండు పళ్లేల తక్కెడకు ఈ బాధ లేదు, ఎందుకంటే భూమి రాయినీ మందునూ ఒకేలా లాగుతుంది. అందుకే యంత్రంతో పాటు తూనికరాళ్లు వస్తాయి, వాడే చోట వాటితో సరిచేసుకోమని చెబుతారు. వాడికి రాళ్లు పెట్టి సరిచేసుకునే బటన్ ఎక్కడుందో చెప్పాను. ఎగతాళి ఆగింది.

చాలామంది పొరపడే విషయం మరొకటి ఉంది. తెర మీద ఎన్ని అంకెలు కనిపిస్తే అంత నిజం అనుకుంటారు. 0.1 దాకా చూపే కాటా 40.0 అంటే అసలు తూకం 39.95కీ 40.05కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దాని మీద కాటా తనదైన తప్పు వేరే. తెర మీద 40.0 అన్న రెండు తూటాలు తమలో తాము 0.1 తేడాతో ఉండొచ్చు, తెర ఒక్క ముక్క చెప్పదు. చూపించే సన్నదనం వేరు, నిజంగా సరిగా ఉండటం వేరు. మన దేశంలో వ్యాపారంలో వాడే కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలన్న నిబంధన (2009 లీగల్ మెట్రాలజీ చట్టం) ఉన్నది ఈ రెండో దాని కోసమే. ఇంట్లో సరదాకు వాడే యంత్రానికి ముద్ర వేసేవాడు ఎవడూ రాడు. ఆ పని సొంతదారే చేసుకోవాలి.

వీటన్నిటికన్నా దొంగ లక్షణం ఒకటుంది. చాలా ఎలక్ట్రానిక్ కాటాలు సున్నాను తమంతట తామే సవరించుకుంటూ ఉంటాయి. పళ్లెం మీద దుమ్ము పడినా, వేడికి కాస్త జారినా, ఆ చిన్న మార్పును మింగేసి మళ్లీ సున్నా చూపిస్తాయి. మంచికే పెట్టిన ఏర్పాటు. కానీ సున్నా దగ్గర చాలా నెమ్మదిగా ఒక్కొక్క గింజే వేస్తూ పోతే, కాటా ఆ గింజలను కూడా దుమ్మనుకుని మింగుతుంది. పది గింజలు వేసినా సున్నానే చూపిస్తుంది. చేత్తో మందు రాల్చుకునేవాళ్లు ఇందులో పడతారు. విరుగుడు చాలా తేలిక. పళ్లేన్ని ఖాళీ చేసి, సున్నా సరిచేసి, ఆ మందునంతా ఒక్కసారిగా మళ్లీ పోయాలి. పెద్ద మార్పు చూసిన కాటా ఉలిక్కిపడి అసలు బరువు చెబుతుంది.

ఇంత విన్నాక మా వాడు "అయితే ఏది కొనను?" అన్నాడు. మూడు వందల గజాలకు లోడ్ సెల్ యంత్రం చాలని చెప్పాను. అంకె నిలబడే వేగం, తూకం దాటడం ఎంత తరచుగా జరుగుతుందన్నది చూడమన్నాను. "తూటాకు ఇన్ని క్షణాలు" అన్న ప్రకటనను పట్టించుకోవద్దన్నాను. ఒక్కో తూటాకు పది క్షణాలు మిగిల్చి, అయిదింటిలో ఒకటి తూకం దాటి, దాన్ని ఒలకబోసి మళ్లీ తూస్తుంటే మిగిలిందేమిటి? డబ్బాలో మిగిలిన మందును పూర్తిగా ఖాళీ చేయడం ఎంత తేలికో అదీ చూడాలి. ఇది కొనేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. మూలల్లో పది గింజలు మిగిలిపోయే యంత్రంలో రేపు వేరే మందు పోస్తే రెండూ కలుస్తాయి. కాలే వేగం వేరైన రెండు మందులు కలవడం ఈ ఆటలో పెద్ద పాపాల్లో ఒకటి. నైట్రోగ్లిసరిన్ ఉన్న రకాలను ప్లాస్టిక్ డబ్బాలో రోజుల తరబడి వదిలేస్తే ప్లాస్టిక్‌ను మసకబారుస్తాయి, కొరుకుతాయి. గాలి తగిలితే తేమ మారుతుంది. నెల్లిమర్లలో జనపనార తూకం వేసేవాళ్లను తేమ ఎంత తూగుతుందో అడిగితే చెబుతారు. మందులోనూ అంతే, అదే తూకంలో నీరు ఎక్కువైతే మందు తక్కువైనట్టే. పని అయ్యాక మిగిలింది సొంత డబ్బాలోకే, అదే పేరున్న డబ్బాలోకే తిరిగి వెళ్లాలి. బల్ల మీద ఒకసారికి ఒక్క డబ్బానే ఉండాలి.

వాడకం గురించి నేను కాటా వాడిగా చెప్పగలిగినవి కొన్నే. ఆన్ చేసిన వెంటనే తూచకూడదు, అరగంట వేడెక్కనివ్వాలి. బల్ల సమంగా ఉండాలి, ఊగకూడదు. పైన ఫ్యాను, ఏసీ గాలి నేరుగా తగలకూడదు; బంగారం కొట్లలో కాటా చుట్టూ అద్దాల పెట్టె అందుకే. పక్కన సెల్ ఫోను పెట్టకూడదు. మా వాడు నమ్మలేదు, ఫోను మోగినప్పుడు అంకె ఎగరడం చూశాక నమ్మాడు. మనకు సముద్రపు గాలి, ఒళ్లంతా చెమట, స్థిర విద్యుత్తు బాధ దాదాపు తెలియదు. డాలస్‌లో చలికాలం హీటరు వేసిన గదిలో గాలి ఎండిపోయి, గింజలు పళ్లేనికి, గొట్టానికి అంటుకుంటాయి, కాటా పిచ్చి అంకెలు చూపిస్తుంది. బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే పలుచటి కాగితాలు అక్కడ దొరుకుతాయి, దానితో డబ్బానూ పళ్లేన్నీ తుడిస్తే తగ్గుతుంది. మంట, సిగరెట్టు ఆ గది దరిదాపుల్లో ఉండకూడదని వేరే చెప్పాలా.

పని మొదలుపెట్టే ముందు తూనికరాళ్లతో సరిచేయాలి. ఆ తర్వాత అసలు తూచబోయే బరువుకు దగ్గరగా ఉండే ఇంకో చిన్న రాయిని పెట్టి చూడాలి. 50 గ్రాముల దగ్గర సరిగ్గా ఉన్న కాటా మూడు గ్రాముల దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని హామీ లేదు. నలభై గ్రెయిన్లు అంటే 2.6 గ్రాములే కదా. పదింటికో ఇరవైకో ఒకసారి తూచిన మందును వేరే కాటా మీద, వీలైతే పాత ముల్లు తక్కెడ మీద పెట్టి చూడాలి. తనను తానే సాక్ష్యం తెచ్చుకునే కాటాను నేను నమ్మను.

ఖాళీ పళ్లెం కాటా మీద పెట్టి సున్నా చేశాక, పళ్లేన్ని ఎత్తితే తెర మీద మైనస్ అంకె ఒకటి కనిపిస్తుంది. అది పళ్లెం బరువు. ప్రతి తూటాకూ పళ్లేన్ని ఎత్తుతూనే ఉంటాం కాబట్టి ఆ అంకె ప్రతిసారీ ఉచితంగా కనిపిస్తుంది. అది మారనంత కాలం సున్నా జారలేదని అర్థం. మారితే అక్కడే ఆగి, చివరగా పోసిన నాలుగైదు తూటాలను మళ్లీ చూసుకోవాలి. ఖర్చు లేని కాపలా ఇది. చాలామంది తెర మీద సరైన తూకం కోసమే చూస్తారు గాని ఈ మైనస్ అంకె వైపు చూడరు.

యంత్రానికి అసలు తెలియని విషయాలు వేరే ఉన్నాయి. డబ్బాలో పోసింది ఏ మందో దానికి తెలియదు. నువ్వు నొక్కిన అంకె పుస్తకంలో చూసి నొక్కావా, నిద్రమత్తులో నొక్కావా తెలియదు. ఒకే గొట్టంలో రెండుసార్లు పోశావేమో తెలియదు. రైఫిల్ తూటా గొట్టంలో రెండోసారి పోస్తే మామూలుగా పొంగి ఒలుకుతుంది, కంటికి తెలుస్తుంది. పిస్తోలు తూటా గొట్టంలో రెట్టింపు మందు కిక్కురుమనకుండా పడుతుంది. అందుకే మందు కొలతలు ముద్రించిన పుస్తకం చూసే, అందులోని తక్కువ తూకం నుంచే మొదలుపెట్టాలనీ, గుండ్లు బిగించే ముందు ట్రేలో గొట్టాలన్నిటినీ టార్చిలైటు వేసి ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూడాలనీ ఆ ఆటలో పాతకాపులు పట్టుబడతారు. కాటా పక్కన కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మా నాన్నగారు గుర్తొస్తారు నాకు. తూకం చూసి, రాళ్లు చూసి, మళ్లీ నగ వైపు చూసి గాని చీటీ రాసేవారు కాదు.

మా వాడు చివరికి లోడ్ సెల్ యంత్రమే కొన్నాడు, గొట్టానికి స్ట్రా ముక్కా పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం ఫొటో పంపాడు. తెర కింద తెల్ల టేపు అంటించి దాని మీద పెన్నుతో ఒక మైనస్ అంకె రాసి ఉంది. ఆ పక్కనే, తూనికరాళ్ల పెట్టెలో, వాళ్లమ్మ ఎప్పుడో పంపిన గురిగింజ ఒకటి.

"అది ఎంత తూగిందిరా?" అని అడిగాను.

"1.7 గ్రెయిన్లు మామయ్యా. అయిదుసార్లు చూశాను, పళ్లెం ఎత్తి."